ఎర్రమూత, ఇత్తడిమూత

కారు సర్వీసింగుకి ఇచ్చేసి ఇంటికెళ్లిపోయి, సాయంత్రం వచ్చి తెచ్చుకునే రకాన్ని కాను నేను. బండి పక్కనే నిలబడతాను. పాత ఆయిలు నా కళ్ల ముందే దించాలి, కొత్త డబ్బా మూత నా కళ్ల ముందే తియ్యాలి. తీశాక ఒకసారి వాసన చూస్తాను. టైర్లు మార్చేస్తారేమోనని లోపలివైపు చాక్‌పీసుతో చిన్న గీత పెట్టి మరీ ఇస్తాను. రాజమండ్రిలో నేను వెళ్లే షెడ్డులో కుర్రాళ్లు నన్ను చూడగానే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. చూసుకోనీ, నాకేం సిగ్గు లేదు.

మొన్న చలికాలంలో అక్కడి మెకానిక్కు, మీసాలింకా సరిగ్గా రాని కుర్రాడు, తాళాలు చేతికిస్తూ ఓ మాట అన్నాడు.

"మేడమ్, పది రోజులు ఊరెళ్తున్నానన్నారు కదండీ. డీజిలు ట్యాంకు నింపేసి వెళ్లండి. ఖాళీగా వదిలేస్తే మంచుకి లోపల చెమ్మ పట్టి, అడుక్కి నీళ్లు దిగుతాయండి. తర్వాత ఏ దారి మధ్యలోనో ఆగిపోద్ది."

మామూలుగా అయితే, "బంకువాడు నీకేమవుతాడు బాబూ?" అని అడిగి ఉండేదాన్ని. ఆ రోజు అలా అడగలేదు. ఆ మాట నేను తొమ్మిదేళ్ల వయసులో ఒకసారి విన్నాను. చెప్పిన మనిషిని చూసి రేవు రేవంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది మా తాతయ్య. ఆయన నవ్వాడు కదా అని నేనూ నవ్వాను.

మాది గోదావరి పాయ మధ్యలో ఉన్న లంక ఊరు. సముద్రం ఎంతో దూరం కాదు కాబట్టి మా పాయకి పోటూ పాటూ ఉండేవి. పోటు వేళ నీళ్లు రేవు మెట్ల దాకా ఎక్కేవి, పాటు వేళ దిగిపోయి బురద బయటపడేది. అప్పటికింకా వంతెన లేదు. పాలకొల్లు వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా, సినిమాకి వెళ్లాలన్నా ముందు అవతలి రేవుకి దాటాలి. ఆ దాటించే ఇంజను పడవ మా తాతయ్యది. కొబ్బరితోటల రైతు ఆయన, పడవ మాత్రం సరదా కొద్దీ కొన్నాడని నాయనమ్మ అనేది. సరదాగా కొన్నవాడిలా ఎప్పుడూ కనిపించేవాడు కాదు. దానికి కాపలా కాస్తున్న పోలీసులా ఉండేవాడు.

తాతయ్యకి లోకంలో దేనిమీదా నమ్మకం లేదు. పాలు వస్తే వేలు ముంచి గోడమీద రాసి, కారే తీరు చూసేవాడు. బెల్లం దిమ్మ పగలగొట్టి ఇసుక ఉందేమోనని పళ్ల కింద వేసి నలిపేవాడు. గోడ గడియారాన్ని రేడియోతో, రేడియోని అవతలి ఒడ్డున మిల్లు సైరన్‌తో సరిచూసేవాడు. నాయనమ్మ దగ్గర ఈ విషయంలో ఒక పాత కక్ష ఉండేది.

"పెళ్లిచూపులనాడు నా జడ అసలుదో, సవరమో అని వాళ్ల పిన్నిచేత లాగించి చూశాడే మీ తాతయ్య. ఇప్పటికీ నెప్పే నాకు."

"చూడబట్టే కదా తెలిసింది, అసలుదని," అనేవాడు తాతయ్య, తప్పేముందన్నట్టు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ అనుమానంవల్లే మా పడవ ఆ పాయలో అన్ని పడవల కంటే గట్టిగా ఉండేది. ఏటా ఎండాకాలంలో నాలుగు రోజులు రాకపోకలు ఆపి దాన్ని ఒడ్డుకి లాగించేవాడు. గీకి, ఆరబెట్టి, చెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పట్టించేవారు. ఆ గుగ్గిలం పొగ, పైన పూసే జీడినూనె ఘాటు వాసన ఊరంతా కమ్ముకునేవి. జీడినూనె తగిలితే ఒళ్లు పొక్కుతుందని నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. రానివ్వలేదు కాబట్టి వెళ్లి, ఒకసారి మోచెయ్యి పొక్కించుకుని, దోమ కుట్టిందని చెప్పాను. తాతయ్య నమ్మలేదు. పాత మేకులన్నీ ఊడదీయించి, తీసినవి తీసినట్టు తన ముందు పోయించేవాడు, లేకపోతే పాత మేకునే రుద్ది మళ్లీ కొడతారని. ప్రతి చెక్కనీ వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వినేవాడు. పురుగు తొలిచిన చెక్క బోలుగా పలుకుతుంది, మంచి చెక్క టంగుమంటుంది. నన్ను కూడా కొట్టి వినమనేవాడు. ఇప్పటికీ నేను ఏ ఇంటికి వెళ్లినా తలుపుల్ని అలా కొట్టి చూస్తాను.

ఎండలో బాగా ఆరిన పడవని తిన్నగా నీళ్లలో దింపితే కారుతుంది. చెక్క కుంచించుకుపోయి సందులు విడతాయి. అందుకని ఒడ్డువారనే రెండు రోజులు కావాలని ముంచి ఉంచేవారు. చెక్క నీళ్లు తాగి ఉబ్బి సందులు మూసుకునేవి. ఆ మునిగిన పడవ దగ్గర కూడా తాతయ్య మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"మునిగిన పడవని ఎవరెత్తుకుపోతారండీ?" అనేది నాయనమ్మ.

"మునిగింది కదా, ఎవరూ చూడరులే అనుకునేవాడు ఎత్తుకుపోతాడు," అనేవాడు.

ఇక డ్రైవరు. పడవ నడిపే అతన్ని మేమందరం అలాగే పిలిచేవాళ్లం. మొగల్తూరు వైపునించి వచ్చి, పెళ్లాంతో కలిసి మా లంకలోనే పాక వేసుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భుజంమీద ఎప్పుడూ నూనె గుడ్డ, నోట్లో ఎప్పుడూ "ఆయ్" అనే మాట. తొమ్మిదేళ్ల నన్ను "పాపగారండి" అని మీరు పెట్టి పిలిచేవాడు. నేను అతన్ని నువ్వు అనేదాన్ని. అప్పట్లో మా ఇళ్లలో అది అలాగే నడిచేది.

పొద్దున్నే బడికి వెళ్లేముందు రేవుకి పరిగెత్తేదాన్ని. అతను ఇంజను నిద్రలేపడం చూడ్డం నాకు భలే ఇష్టం. ముందు చెయ్యి పెట్టి ఒళ్లు తడిమేవాడు. నట్లన్నీ వేళ్లతోనే బిగువు చూసేవాడు. ఆయిలు పుల్ల తీసి, వేళ్ల మధ్య రాసి, నాకు చూపించేవాడు.

"జారుగా ఉందాండి? నల్లబడినా పర్లేదండి, తెల్లబడితేనే భయపడాలి. తెల్లబడిందంటే నీళ్లు కలిసినట్టే."

ఇంజను దగ్గర రెండు మూతలుండేవి. ఒకటి ఎర్ర రంగు వేసిన డీజిలు ట్యాంకు మూత. రెండోది నీళ్ల డబ్బా మూత, ఇత్తడిది. ఇంజను వేడెక్కకుండా ఆ డబ్బాలో చెంబుతో మంచినీళ్లు పొయ్యాలి. పాయలో నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుందని ఊళ్లో చెరువునించి బిందెతో తెచ్చుకునేవాడు.

"ఎర్రమూత డీజిలికండి, ఇత్తడిమూత నీళ్లకండి. నిద్దట్లో లేపి అడిగినా చెప్పాలి. ఏదీ, చెప్పండి?"

చెప్పేదాన్ని. రోజూ అడిగేవాడు, రోజూ చెప్పేదాన్ని. అప్పుడు హ్యాండిలు వేసి రెండు చేతులతో తిప్పేవాడు. రెండు దగ్గులు దగ్గి, నల్లటి పొగ వదిలి ఇంజను డుగుడుగుమని అందుకునేది. ఆ మొదటి పొగ వాసన నాకు ఇప్పటికీ బడి గుర్తుకు తెస్తుంది.

గొడవ మొదలైంది అడుగుమర దగ్గర. డీజిలు ట్యాంకు కింద చిన్న మర ఒకటి ఉండేది. పొద్దున్నే దాన్ని వదులు చేసి, సీసాలోకి ఓ గ్లాసుడు దించేవాడు డ్రైవరు. ఒకరోజు తాతయ్య అనుకోకుండా పెందలాడే రేవుకి వచ్చాడు. అనుకోకుండా అని నేనంటున్నాను గానీ, ఆయన ఏదీ అనుకోకుండా చెయ్యడు.

"ఏంట్రా ఆ సీసాలో?"

"అడుగున దిగిన నీళ్లండి బాబుగారూ. మట్టి కూడా ఉంటదండి. రోజూ కాస్త వదిలెయ్యాలి."

"పైనంతా డీజిలే కనిపిస్తోందే?"

"నీళ్లు కిందుంటాయండి. డీజిలు తేలిక కదండీ, పైకి వచ్చేసుద్ది. పైది మళ్లీ ట్యాంకులో పోసేస్తానండి."

"పోసేస్తావా?" అన్నాడు తాతయ్య. ఆ ఒక్కమాట ఆయన నోట్లోంచి వచ్చిన తీరుకే నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నమే పాలకొల్లునించి తెచ్చిన తీగతో అడుగుమర కట్టించి, పైన లక్క కరిగించి ముద్ర వేశాడు.

ఆ తర్వాత కొలకర్ర వచ్చింది. సన్నటి వెదురుపుల్లకి గాట్లు పెట్టి, సాయంత్రం పడవ ఆపాక ట్యాంకులో ముంచేవాడు, పొద్దున మళ్లీ ముంచేవాడు. ఒకరోజు పొద్దున అర అంగుళం తగ్గింది. ఇంకొకరోజు ముప్పావు తగ్గింది. కొలిచే వేళకి పోటు ఉంటే పడవ నీళ్లమీద తిన్నగా తేలుతుంది, పాటు ఉంటే బురదలో ఒకపక్కకి ఒరిగి కూర్చుంటుంది. ఒరిగిన ట్యాంకులో కర్ర ముంచితే కొలత ఎలా సరిగ్గా వస్తుంది? ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, వంటింట్లో ఒరిగిపోయిన పాలగిన్నె చూస్తుంటే తట్టింది. పాయ ఒడ్డున పుట్టి పెరిగిన తాతయ్యకి మాత్రం తట్టలేదు. దొంగ మనసులో దూరాక పోటూ పాటూ ఎక్కడ గుర్తుంటాయి?

దాంతో ట్యాంకులో డీజిలు ఉంచడమే మానేశాడు. సాయంత్రం సన్నటి రబ్బరుగొట్టం పెట్టి డబ్బాలోకి దించుకుని ఇంటికి తెచ్చేవాడు. గొట్టానికి అందని రెండు వేళ్ల డీజిలు మాత్రం అడుగున మిగిలేది. ఎర్రమూతకి చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. పొద్దున మళ్లీ డబ్బా మోసుకెళ్లి, తాళం తీసి తనే పోసేవాడు. పగలంతా మూత తాళం లేకుండానే ఉండేది. డబ్బా రాత్రంతా వంటింటి పక్క గదిలోనే ఉండేది. అరిసెలు కూడా డీజిలు వాసన వస్తున్నాయని నాయనమ్మ గోల పెట్టేది.

పగలంతా ఆయన రేవులో ఉండలేడు కాబట్టి నన్ను పెట్టాడు. బడి లేనప్పుడు పడవలో అటూ ఇటూ తిరుగుతూ డ్రైవరు ఏం చేస్తున్నాడో చూసి సాయంత్రం చెప్పాలి. నాకది పెద్ద ఉద్యోగం వచ్చినట్టయింది. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. "ఏం చెయ్యలేదు తాతయ్యా" అంటే ఆయన మొహం ముడుచుకుపోయేది, "సరిగ్గా చూళ్లేదు నువ్వు" అనేవాడు. ఒకరోజు, "ట్యాంకు దగ్గర వంగుని చాలాసేపు ఏదో చూశాడు" అన్నాను. ఆయన కళ్లు వెలిగాయి. ఆ సాయంత్రం నాయనమ్మ చేసిన దిబ్బరొట్టె అడుగున ఎర్రగా కాలిన ముక్క, చెరకుపానకంలో ముంచి, స్వయంగా నా నోట్లో పెట్టాడు. అన్నదమ్ముల పిల్లలు ఏడుగురం ఉన్న ఇంట్లో ఆ ముక్క ఎవరికి దొరుకుతుందనేది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి తెచ్చి చెప్పేదాన్ని. అబద్ధం చెప్పేదాన్ని కాదు. ఉన్నదాన్నే కాస్త ఒరిగించి చెప్పేదాన్ని.

ఆ ఏడు మంచు బాగా పడింది. పొద్దున్నే రేవులో పక్కన నిలబడ్డ మనిషి కనిపించేవాడు కాదు. ఇంజను మొరాయించడం మొదలుపెట్టింది. నాలుగు తిప్పులకి అందుకునేది పదికి గానీ అందుకోవడం లేదు. డ్రైవరు ఒకటికి రెండుసార్లు అడిగాడు.

"బాబుగారూ, ఆ అడుగుమర ఒక్కసారి విప్పనివ్వండి. మీ ముందే విప్పుతానండి."

"విప్పుదువుగాని. ఇప్పుడే తొందరేముంది?" అన్నాడు తాతయ్య.

మర్నాడో ఆ మర్నాడో, పడవలో ఒక సీమంతానికి సారె తీసుకెళ్తున్న ఆడవాళ్లు ఎక్కారు. కావిడి నిండా అరిసెలు, పళ్లు, పూలు. నేనూ ఉన్నాను. ఎక్కేముందు డ్రైవరు ఎప్పటిలాగే ఇత్తడిమూత తీసి, చెంబుతో నీళ్లు పోశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. అవతలి ఒడ్డు ఇంకా సగం దూరం ఉందనగా ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

పాటు జోరుగా ఉంది. పడవ అడ్డం తిరిగి, కిందికి, జాలర్లు వలలు కట్టడానికి నీళ్లలో పాతిన సర్వికర్ర గుంజల వైపు కొట్టుకుపోతోంది. గుంజలకి తగిలితే పడవ తిరగబడుతుంది. ఆడవాళ్లు కేకలు. ఒకావిడ అరిసెల గంప గుండెకి హత్తుకుని గోదారమ్మకి మొక్కుకుంటోంది. డ్రైవరు గెడ వేసి చూశాడు, నేల అందలేదు. తాడు నడుముకి కట్టుకుని ఆ చలినీళ్లలోకి దూకేశాడు. ఈదుతూ, కాలు ఆనిన చోట నడుస్తూ, మమ్మల్ని ఇసకమేట మీదికి లాగాడు. వణుకుతూనే ఎక్కి, ఇంజనుకి వెళ్లే సన్నటి గొట్టం విప్పి అరచెయ్యి పట్టాడు. చేతిలో పడింది డీజిలు కాదు. తేటనీరు.

"చూడండమ్మా, నీళ్లు," అని అందరికీ చూపించాడు. పాపం, అలా చూపించడమే అతని పీకకి చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం రేవు పాకలో జనం పోగయ్యారు. తాతయ్య బల్లమీద కూర్చున్నాడు. డ్రైవరు తడి ఆరని లుంగీతో నిలబడ్డాడు.

"నేను పోసింది డీజిలు. గొట్టంలోకి వచ్చింది నీళ్లు. ఎలా వచ్చాయిరా?"

"ఖాళీ ట్యాంకండి బాబుగారూ. మంచుకి లోపల చెమ్మ పట్టి, అడుక్కి నీళ్లు దిగుతాయండి. సాయంత్రం నింపి వదిలెయ్యాలండి. పొద్దున్నే అడుగుమర విప్పి..."

"ఒరేయ్, మూత బిగించి తాళం వేసిన ట్యాంకులోకి మంచు ఎలా వచ్చిందిరా? తలుపు కొట్టి వచ్చిందా?"

నవ్వు మొదలైంది. రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"నింపి వదిలెయ్యాలంట! లాగేవాడికి సుఖంగా ఉంటది," అన్నాడు తాతయ్య. "పగలు మూత నా చేతిలో ఉండదు కదా. డీజిలు లాగి, కర్రకి తేడా తెలీకుండా నీళ్లు పోశావు. అవునా?"

"ఆడవాళ్లున్న పడవండి. నేనలా చేస్తానాండి?"

అప్పుడు తాతయ్య నన్ను పిలిచాడు. భుజంమీద చెయ్యి వేసి తన పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇవాళ పొద్దున్న డ్రైవరు నీళ్లు పోయడం చూశావా?"

"చూశాను."

"దేంతో?"

"చెంబుతో."

"ఇంజను దగ్గరేనా?"

"ఇంజను దగ్గరే."

జనం నవ్వు ఆపేశారు. డ్రైవరు నావైపు తిరిగాడు. "పాపగారండి..." అన్నాడు. ఇంకో మాట వస్తుందని ఎదురుచూశాను. ఏ మూత అని అడుగుతాడనుకున్నాను. నా మొహంలో ఏం చూశాడో ఏమో, అడగలేదు. భుజంమీద నూనె గుడ్డతో హ్యాండిలు శుభ్రంగా తుడిచి, తాతయ్య కాళ్ల దగ్గర పెట్టి, పాక దాటి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు దిబ్బరొట్టె మింగుడుపడలేదని రాస్తే బాగుంటుంది. కానీ పడింది. రెండో ముక్క కూడా అడిగాను.

డీజిల్లో నీళ్లు పోశాడన్న మాట పడ్డాక ఆ పాయమీద ఇంకెవరు పడవ ఇస్తారు? నాలుగో రోజునే పాక విప్పుకున్నారు. గిన్నెలూ చాపా మూట కట్టుకుని, వాళ్లిద్దరూ మా పడవలోనే దాటారు, మిగతా జనంతోపాటు, జనంలాగే. కొత్త డ్రైవరు హ్యాండిలు తిప్పుతున్నాడు. ఇంజను దగ్గింది గానీ అందుకోలేదు. మూటల మధ్య కూర్చున్న అతను అలవాటు కొద్దీ సగం లేచాడు. అంతలోనే గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. నేను రేవు మెట్ల మీంచి చూశాను. అప్పుడు మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. పరిగెత్తి ఇంటికెళ్లిపోయాను.

పది పన్నెండు రోజులకి పడవ మళ్లీ ఆగింది. ఈసారి ఒడ్డువారనే కాబట్టి ప్రమాదం లేదు. తాతయ్య అనుమానం దిక్కుతెలియక తిరిగింది. ముందు డీజిలు అమ్మినవాడి మీద, తర్వాత కొత్త డ్రైవరు మీద, ఆ తర్వాత నాయనమ్మ మీద.

"మీ డీజిల్లో నీళ్లు పోసి నేనేం చేసుకుంటానండీ, పులుసు పెట్టుకుంటానా?" అంది నాయనమ్మ.

మర్నాడు తెల్లవారుతూనే తాతయ్య ఒక్కడే రేవుకి బయల్దేరితే వెనకాలే వెళ్లాను. మంచులో నన్ను చూడలేదు. లక్క చిదిపి, తీగ విప్పి, అడుగుమర వదులు చేసి గాజుసీసా పట్టాడు. సీసా ఎత్తి వెలుతురుకి చూశాడు. కింద సగానికి పైగా తేటనీరు. పైన పసుపుపచ్చగా తేలుతున్న డీజిలు. కొత్త డ్రైవరు ఇంకా రానేలేదు. పాత డ్రైవరు వెళ్లినప్పటినించీ ఎర్రమూతకి పగలు కూడా తాళమే, తాళంచెవి తాతయ్య మొలతాడుకే ఉంది. అనుమానించడానికి అక్కడ ఇంక మనిషంటూ మిగల్లేదు. సీసాని ఊపి, ఇంకోసారి వెలుతురుకి పట్టాడు. వెనక్కి తిరిగితే నేను కనిపించాను.

"చూశావా?"

"చూశాను."

సీసా గోదావరిలో ఒంపేశాడు. "కాళ్లు కడుక్కుని ఇంటికి పద," అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

ఆ సాయంత్రంనించి ట్యాంకు నిండా డీజిలు పోయించి వదిలేశాడు. ఎందుకండీ అని కొత్త డ్రైవరు అడిగితే, "ఖాళీగా ఉంచితే మంచుకి నీళ్లు పడతాయిరా. ఆమాత్రం తెలీదా?" అన్నాడు. రేవులో మిగతా పడవలవాళ్లకి కూడా అదే చెప్పాడు. వాళ్లు ఔనౌనన్నారు. పెద్దాయన ఎంత అనుభవం ఉంటే చెప్తాడు అనుకున్నారు. ఇంట్లో ఒకసారి నాయనమ్మ, "ఆ మాట ఆ అబ్బాయే కదండీ అన్నాడు?" అంది. తాతయ్య పళ్లెంలోకి చూస్తూ, "పులుసులో ఉప్పు తక్కువైంది," అన్నాడు. జీవితమంతా దొంగలకోసం కాపు కాసిన మనిషి, ఆ మాటని మాత్రం పట్టపగలు అందరి ముందూ ఎత్తేశాడు. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోగలిగిన దాన్ని నేను, నేనూ ఊరుకున్నాను. పెద్దయ్యాక నా పిల్లలకి కూడా, "మా తాతయ్య చెప్పేవాడు" అనే చెప్పాను.

ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి పాలకొల్లు సంతబజారులో నా మోపెడ్ ఆగిపోయింది. తోసుకుంటూ కనిపించిన మొదటి షెడ్డులోకి వెళ్తే, కింద కూర్చుని ఏదో ఇంజను విప్పుతున్న మనిషి తలెత్తాడు. భుజంమీద నూనె గుడ్డ. తలమీద సగం జుట్టు తెల్లబడింది.

"ఆయ్, పాపగారా!"

లేచి, స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. మోపెడ్ ప్లగ్గు విప్పి, మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, "నెలకోసారి ఇలా రుద్దుకుంటే మీకు ఎవరి అవసరం ఉండదండి" అన్నాడు. అప్పుడు కూడా నేర్పుతూనే ఉన్నాడు. అప్పుడు నేనన్నాను.

"మీరు చెప్పిందే నిజమండి. తాతయ్య అడుగుమర విప్పి చూశారు. నీళ్లే ఉన్నాయి. నేనూ చూశాను."

నేను అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. అతను గమనించినట్టు లేదు. ప్లగ్గు బిగిస్తూనే ఉన్నాడు.

"తెలుసండి. కొత్తగా చేరిన కుర్రోడు నా దగ్గరికే వచ్చి అడిగాడు, ట్యాంకు నింపి వదలమంటున్నారు, ఎందుకూ అని. అప్పుడే అర్థమైందండి, బాబుగారు చూశారని."

"మరి వచ్చి అడగలేదేంటండి?"

"అడగడానికేముందండి? మళ్లీ ఇంకేదో పోశానంటారు," అని నవ్వాడు. తర్వాత నన్ను చూసి మెల్లగా అన్నాడు. "మీరేం బాధపడకండి. మీరు అబద్ధం చెప్పలేదు. నీళ్లు పోయడం చూశారు, చూశానన్నారు. ఏ మూత అని ఎవరూ అడగలేదు మిమ్మల్ని. అంత చిన్నపిల్లకి ఏం తెలుసుద్దండి, ఏది డీజిలో, ఏది నీళ్లో."

రోజూ పొద్దున్నే నాచేత చెప్పించిన మనిషి ఆ మాటన్నాడు. నిజంగా మర్చిపోయాడో, లేక నేను తప్పుకోవడానికి దారి వదిలాడో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఏ మెకానిక్కు ఏ అబద్ధం ఆడుతున్నాడో మొహం చూసి చెప్పగలనని గొప్పలు పోతాను గానీ, ఆ మొహం మాత్రం నాకు అందలేదు. మోపెడ్ అందుకుంది. నేను "వస్తానండి" అని బయల్దేరిపోయాను. మళ్లీ ఎప్పుడో వెళ్లేసరికి ఆ షెడ్డు స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

మొన్న రాజమండ్రిలో ఆ కుర్రాడు అడిగాడు, "ఏంటి మేడమ్, అలా ఉండిపోయారు? నమ్మకం కుదర్లేదాండి?" అని.

"కుదిరింది బాబూ," అన్నాను. "మా పడవ డ్రైవరు కూడా ఇదే చెప్పేవాడు."

మా డ్రైవరు చెప్పాడని ఒక మనిషి ముందు అనడం అదే మొదటిసారి. ఆ డ్రైవరు దగ్గరే అనవలసింది ఇంకొకటుంది. బజారులో కూరలు తూచేవాణ్ణి, పాలు పోసేవాణ్ణి, బంకులో మీటరు తిప్పేవాణ్ణి, అందర్నీ అనుమానిస్తాను నేను. ఆ రోజు రేవు పాకలో అంతమంది ఉన్నారు, లోకంలో ఎవర్నీ నమ్మని మా తాతయ్య కూడా ఉన్నాడు. నన్ను మాత్రం ఒక్కరూ అనుమానించలేదు.

ఆ పొద్దున్న అతను తీసింది ఇత్తడిమూత. నాకు అప్పుడే తెలుసు.